రాత్రి ఎవరు లేస్తారు?

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డను ఎత్తుకుని మెట్టినింటికి వెళ్లడం అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ ఉన్న ఆనవాయితీ. మారిందల్లా మెట్టినిల్లు ఉన్న చోటు. కదిరిలోనో ధర్మవరంలోనో కళ్యాణదుర్గంలోనో ఎక్కిన బస్సు ఇప్పుడు చాలాసార్లు బెంగళూరులో దింపుతుంది. పుట్టింట్లో బిడ్డ కుయ్యిమంటే ఎత్తుకోవడానికి అమ్మ, అవ్వ, పిన్నమ్మ, పక్కింటి అత్త ఉండేవాళ్లు. రెండు గదుల ఫ్లాటులో ఉండేది ఇద్దరే. అందులో ఒకరికి పొద్దున తొమ్మిదింటికి మీటింగు. ఇంకొకరికి ప్రసూతి సెలవు వారం వారం కరిగిపోతుంటుంది.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. లెక్క వేసి చూస్తే తల్లి తిరిగి ఆఫీసు మెట్లెక్కే నాటికి బిడ్డకు నాలుగు నెలలు దాటి ఆరో నెల నడుస్తుంటుంది. స్లీప్ ట్రైనింగ్ గురించి రాసిన పుస్తకాలు ‘ఇక మొదలు పెట్టవచ్చు’ అనే వయసూ సరిగ్గా అదే. బిడ్డ నిద్రలో ఆ నెలలో కొత్తగా చెడిపోయిందేమీ ఉండకపోవచ్చు. క్యాలెండరు మారింది, అంతే. అయినా ఆ ఇంట్లో ప్రశ్న పుట్టేది అప్పుడే: బిడ్డను తనంతట తాను పడుకునేట్టు అలవాటు చేయాలా, చేస్తే ఎప్పుడు?

స్లీప్ ట్రైనింగ్ అని పిలిచేది నిజానికి ఒక్క పని. పెద్దవాళ్ల చెయ్యి లేకుండా బిడ్డ నిద్రలోకి జారేట్టు చేయడం. నెలల బిడ్డ నిద్ర ఇంచుమించు గంటకోసారి పలచబడుతుంది. ఆ సందులో కళ్లు తెరవడం మామూలే. పెద్దవాళ్లకూ రాత్రి అలాంటి మెలకువలు వస్తాయి, తెల్లారేసరికి గుర్తుండవు. ఊపుతుంటే నిద్రపోయిన బిడ్డ ఆ సందులో మెలకువ వస్తే ఊపు కోసమే ఏడుస్తుందని, పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డ ఆకలి లేకపోయినా పాలే అడుగుతుందని ఈ పద్ధతుల వెనకున్న వాదన. అందుకని కళ్లు పూర్తిగా మూతపడకముందే, మగతగా ఉన్నప్పుడే పడుకోబెట్టి పక్కకు జరగమంటారు.

ఎంత దూరం జరగాలన్న దగ్గర దారులు విడిపోతాయి. తలుపు మూసి, పాలవేళకు తప్ప తెల్లారేదాకా తిరిగి చూడకపోవడం అన్నిటికన్నా కఠినమైనది. మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు అని గడువు పెంచుకుంటూ వెళ్లి ఓ మాట చెప్పి రావడం రెండోది. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకంతో అమెరికాలో ఇది ఇంటింటి మాటయింది. బిడ్డ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రోజుకింత చొప్పున కుర్చీని వాకిలి వైపు జరపడం మూడోది. వీటన్నిటికన్నా నెమ్మదైనది పడక వేళను సర్దుకోవడం. బిడ్డ నిజంగా ఏ వేళకు నిద్రపోతోందో కొన్నాళ్లు గమనించి, ఆ వేళకే పడుకోబెట్టి, అలవాటయ్యాక పావుగంట చొప్పున ముందుకు తెస్తారు. ఇందులో ఏడుపు తక్కువ, పట్టే రోజులు ఎక్కువ.

బిడ్డను ఏడవనివ్వమని మొదట చెప్పినవాడు ఫెర్బర్ అనుకుంటే పొరపాటు. న్యూయార్క్‌లో పిల్లల వైద్యుడైన ఎమ్మెట్ హోల్ట్ 1894లోనే తల్లులకూ ఆయాలకూ ప్రశ్నోత్తరాల పుస్తకం రాసి, అలవాటు కొద్దీ ఏడ్చే ఏడుపుకు లొంగవద్దన్నాడు. 1928లో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా ముందుకు పోయి, పిల్లల్ని ముద్దాడొద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున లేవగానే చేయి కలిపితే చాలన్నాడు. ఈ సలహాను అనంతపురం అవ్వలకు ఎవరైనా చదివి వినిపించి ఉంటే ఆ పెద్దమనిషికే దిష్టి తీసి పంపేవాళ్లు. 1946లో బెంజమిన్ స్పాక్ వచ్చి తల్లిదండ్రుల సొంత తెలివికి విలువిచ్చాడు గానీ, రాత్రి ఏడుపు దగ్గర ఆయనా పెద్దగా మెత్తబడలేదు. 1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అచ్చువేసిన పరిశోధన గాలి మళ్లించింది. తొలి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని వాళ్లు చూపారు. ఆ దారిలోనే 1990ల్లో విలియం సియర్స్ బిడ్డను ఒంటికి కట్టుకో, పక్కలో పడుకోబెట్టుకో అన్నాడు. అమెరికా తల్లులకు అది కొత్త సిద్ధాంతం. శెనక్కాయ చేలో కలుపు తీసే తల్లికి అది రోజూ చేసే పనే.

ఈ పుస్తకాల చరిత్రకు పక్కనే, పుస్తకాలు చదివే తీరిక లేని తల్లుల చరిత్ర ఒకటుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు పట్టణాల్లో పసివాళ్ల నోట్లో పోసిన గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే మందులో నల్లమందు ఉండేది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డకు నల్లమందు గోళీ వేసి షిఫ్టుకు పోతున్నారని 1920ల నాటి విచారణలు రాసిపెట్టాయి. మన ఇళ్లలో అల్మరాలో కనిపించే గ్రైప్ వాటర్‌లో కూడా ఒకప్పుడు ఆల్కహాల్ కలిసేది. ఈ తల్లులను తప్పుపట్టడం తేలిక. వాళ్లకు దొరకనిది జ్ఞానం కన్నా ముందు ఇంకో జత చేతులు. తల్లి పనివేళ బిడ్డ నిద్రవేళతో తగువుపడ్డ ప్రతిచోటా బిడ్డను మౌనంగా ఉంచే ఉపాయం ఏదో ఒకటి పుట్టుకొచ్చింది. స్లీప్ ట్రైనింగ్ ఆ ఉపాయాల్లో అన్నిటికన్నా తక్కువ హాని చేసేది అనడం దానికి అవమానం కాదు.

హాని నిజంగా తక్కువేనా? ఈ ప్రశ్న మీద గత 20 ఏళ్లలో మంచి పరిశోధనలే జరిగాయి. ఇరుపక్షాలూ వాటిని తమకు కావలసినంత మేర చింపి వాడుకుంటుంటాయి కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

2006లో జోడీ మిండెల్, ఆమె సహచరులు 52 అధ్యయనాలను ఒకచోట చేర్చి సమీక్షించారు. అందులో 94 శాతం అధ్యయనాల్లో ఈ పద్ధతులు పనిచేశాయని తేలింది. స్లీప్ కన్సల్టెంట్ల ప్రకటనల్లో కనిపించే అంకె ఇదే. దాని పక్కన మెల్బోర్న్ అంకెల్ని పెట్టి చూడాలి. అక్కడ హారియెట్ హిస్కాక్ బృందం ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉందని చెప్పిన 328 మంది తల్లుల్ని తీసుకుంది. ఒక వర్గానికి ఆరోగ్య కేంద్రాల నర్సులు గడువు పెంచే పద్ధతినో కుర్చీ పద్ధతినో నేర్పారు. ఇంకో వర్గానికి మామూలు సేవలే. పదో నెల వచ్చేసరికి నేర్చుకున్న తల్లుల్లో 56 శాతం, నేర్చుకోని వాళ్లలో 68 శాతం ఇంకా సమస్య ఉందన్నారు. తేడా ఉంది. కానీ సగం మందికి పైగా ఇళ్లలో రాత్రులు అలాగే ఉన్నాయి. అసలు ఫలితం ఇంకోచోట కనిపించింది. బిడ్డకు రెండేళ్లు వచ్చినప్పుడు కుంగుబాటు లక్షణాలున్న తల్లులు మొదటి వర్గంలో 15.4 శాతం, రెండో వర్గంలో 26.4 శాతం. ఆ పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ చూసి 2012లో ఫలితాలు ప్రకటించారు. మనసు, ప్రవర్తన, తల్లితో బంధం, నిద్ర, ఒత్తిడి, దేనిలోనూ రెండు వర్గాలకు తేడా లేదు. చెడు జరగలేదు. మంచీ మిగల్లేదు.

ఒత్తిడి హార్మోను కార్టిసాల్ గురించి ఎక్కువగా వినిపించేది 2012 నాటి న్యూజిలాండ్ అధ్యయనం. వెండీ మిడిల్‌మిస్ బృందం అయిదు రోజుల కార్యక్రమంలో చేరిన 25 మంది బిడ్డల్ని చూసింది. మూడో రాత్రికి బిడ్డలు ఏడవడం మానారు, కానీ వాళ్ల లాలాజలంలో కార్టిసాల్ తగ్గలేదు, తల్లుల్లో మాత్రం తగ్గింది. బిడ్డ బయటికి నిశ్శబ్దం, లోపల అలజడి అని దీనికి అర్థం చెప్పుకున్నారు. పోల్చడానికి రెండో వర్గం లేదు, బిడ్డలు ఇంట్లో మామూలుగా ఉన్నప్పటి కొలతా లేదు. కాబట్టి అంత బరువైన తీర్పును ఈ అధ్యయనం మొయ్యలేదు. 2016లో ఆస్ట్రేలియాలో మైకేల్ గ్రాడిసార్ బృందం 43 మంది బిడ్డలతో గడువు పద్ధతినీ, పడకవేళ సర్దే పద్ధతినీ, ఊరికే సమాచారం ఇవ్వడాన్నీ పోల్చింది. ఏడాది తర్వాత తల్లీబిడ్డల అనుబంధంలో తేడా కనబడలేదు. 43 మంది అంటే ఒక అంగన్‌వాడీలో పట్టేటంత జనం. దీన్నిబట్టి ‘పూర్తిగా నిరపాయం’ అని ముద్ర వేయడమూ తొందరపాటే.

కెనడాలో వెండీ హాల్ బృందం 2015లో 235 కుటుంబాలతో చేసిన పరీక్ష మరీ ఆసక్తికరమైంది. తల్లిదండ్రుల డైరీల ప్రకారం ట్రైనింగ్ పొందిన బిడ్డలు తక్కువసార్లు లేచారు. బిడ్డలకు కట్టిన కదలికలు కొలిచే పరికరం మాత్రం మెలకువల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. బిడ్డ లేస్తూనే ఉంది, పిలవడం తగ్గించింది. నిద్ర బాగుపడింది ప్రధానంగా పెద్దవాళ్లది. దీన్ని మోసం అనాల్సిన పని లేదు, పెద్దవాళ్ల నిద్ర కూడా నిద్రే. కాకపోతే ‘బిడ్డ మెదడు ఎదగాలంటే ట్రైనింగ్ తప్పదు’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే ఈ ఫలితం గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి కూడా. ‘ఆరు నెలలకు రాత్రంతా పడుకోవాలి’ అన్న మాటకు ఆధారం బలహీనం. మరీ-ఎలెన్ పెనెస్ట్రి కెనడాలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల బిడ్డల్లో 38 శాతం మంది ఏకబిగిన ఆరు గంటలు కూడా పడుకోలేదు. ఏడాది నిండినా 28 శాతం మందిది అదే తీరు. పడుకున్నవాళ్లకీ పడుకోనివాళ్లకీ మానసిక ఎదుగుదలలో తేడా లేదు.

ఈ పరిశోధనలన్నీ జరిగిన ఇళ్లలో బిడ్డకో గది, లేదా కనీసం బిడ్డకో మంచం ఉంది. అనంతపురం పీఠభూమి మీద ఆ లెక్క కుదరదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఈ మెట్ట నేలలో, వాన పడ్డ రోజు పనే పని. విత్తనం వేసే రోజుల్లోనూ కలుపు రోజుల్లోనూ బాలింత కూడా ఎక్కువ నాళ్లు ఇంట్లో కూర్చోలేదు. బిడ్డ చేను గట్టున వేపకొమ్మకో కానుగకొమ్మకో కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతుంది. ఇంట్లో అయితే ఆ చీర దూలానికి వేలాడుతుంది. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో మగ్గం చప్పుడే జోలపాటకు తాళం. చీకటి గది, నిశ్శబ్దం, వైట్ నాయిస్ యంత్రం అని పాశ్చాత్య పుస్తకాలు చెప్పేవేవీ లేకుండానే ఇక్కడ పిల్లలు తరతరాలుగా నిద్రపోయారు.

వాళ్లు రాత్రి లేవలేదా? లేచారు. ఎవరూ లెక్కపెట్టలేదు. చాప మీద తల్లి పక్కనే పడుకున్న బిడ్డ కదిలితే తల్లి సగం నిద్రలోనే రొమ్ము అందిస్తుంది. పాలివ్వడమూ పక్కలో నిద్రా విడదీయరానివని అమెరికా మానవశాస్త్రవేత్త జేమ్స్ మెకెన్నా ఏళ్ల తరబడి వాదించింది ఈ తీరు గురించే. 2010లో 17 దేశాలు, ప్రాంతాల నుంచి 29,287 మంది చిన్నపిల్లల నిద్ర వివరాలు సేకరించిన సర్వే ఒకటి వచ్చింది. భారతదేశమూ అందులో ఉంది. బిడ్డను పెద్దల మంచం మీద పడుకోబెట్టుకునేవాళ్లు న్యూజిలాండ్‌లో 5.8 శాతమైతే వియత్నాంలో 83.2 శాతం. పడుకునే వేళ న్యూజిలాండ్‌లో సగటున రాత్రి ఏడున్నరకు కాస్త ముందు, హాంకాంగ్‌లో పదింబావు దాటాక. ‘మా బిడ్డకు నిద్ర సమస్య ఉంది’ అన్నవాళ్లు థాయ్‌లాండ్‌లో 11 శాతం, చైనాలో 76 శాతం. బిడ్డల్లో అంత తేడా ఉండదు. సమస్య అని దేన్ని అనాలో నిర్ణయించేది ఇల్లూ పనివేళలూ. ఆ సర్వేకు డబ్బు పెట్టింది అప్పట్లో బేబీ సబ్బులు అమ్ముతున్న జాన్సన్ అండ్ జాన్సన్ అన్నది కూడా మనసులో ఉంచుకోవచ్చు.

అలాగని చీర ఉయ్యాలకు దండవేసి మొక్కాల్సిన అవసరమూ లేదు. ఆరు నెలలు దాటి దొర్లడం, లేచి కూర్చోవడం నేర్చిన బిడ్డ అందులోంచి జారిపడవచ్చు, మెడకు గుడ్డ చుట్టుకోవచ్చు. పెద్దపిల్లలు చీర ఉయ్యాలతో ఆడుకుంటూ ఉరిపడి చనిపోయిన వార్తలు తెలుగు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. పసిబిడ్డను వెల్లకిలా, గట్టి సమతలం మీద, తల్లి ఉన్న గదిలోనే విడిగా పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. చాప మీద పక్క వేసుకునే ఇంట్లో ఈ సలహాలో చాలా భాగం పాటించడం కష్టమేమీ కాదు. పల్చటి పరుపు, బిడ్డ చుట్టూ దిండ్లు లేకపోవడం, మందు తాగి వచ్చిన మనిషి బిడ్డ పక్కన పడుకోకపోవడం. చివరిది మొహమాటం లేకుండా చెప్పుకోవాల్సిన సంగతి.

ఏప్రిల్, మే నెలల సంగతి వేరే. పగలంతా 40 డిగ్రీల ఎండలో కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది. కరెంటు పోతే ఫ్యానూ లేదు. పాతకాలం మట్టి మిద్దెల ఇళ్లు కాస్త నయం, మిద్దె ఎక్కి నీళ్లు చల్లి పడకలు వేసుకునేవాళ్లు. ఈ కాలంలో ఏడ్చే బిడ్డకు కావలసింది గాలి, తడిగుడ్డ, మాటిమాటికీ పాలు. ట్రైనింగ్ చేయాలన్న సంకల్పం ఉన్నవాళ్లు కూడా దాన్ని కార్తీకానికి వాయిదా వేసుకోవచ్చు. ఏ పాశ్చాత్య పుస్తకంలోనూ ఉండని ఈ నియమం ఈ నేలకు అన్నిటికన్నా ముందు వర్తిస్తుంది.

బిడ్డను చూసుకునే చేతుల విలువను చట్టం గుర్తించిన సందర్భం ఒకటి ఈ జిల్లాతో ముడిపడి ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దాని వెనకున్న 2005 నాటి చట్టంలో, పనిచోటికి తల్లుల వెంట వచ్చిన ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకుమించో ఉంటే, ఆ స్త్రీలలో ఒకరిని పిల్లల్ని చూసుకోవడానికే పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. బిడ్డను కనిపెట్టుకుని ఉండటం కూడా కూలికి తగిన పనేనని కాగితం మీద ఒప్పుకోవడం అది. రాత్రి కాపలాకు కూలి ఏ చట్టంలోనూ లేదు. వానలు తప్పిన ఏడు బెంగళూరు కట్టడాల దగ్గరకు వలస పోయి రేకుల షెడ్డులో బతికే తల్లికి ఈ చర్చ అంతా గాలిమాటే. రేకు గోడకు అవతల ఇంకో కుటుంబం పడుకుని ఉంటుంది. అక్కడ బిడ్డను పది నిమిషాలు ఏడవనివ్వడం కుదిరే పని కాదు.

ఫ్లాటులోనూ గోడలు అంత మందమైనవేమీ కావు. అపార్టుమెంట్లలో స్లీప్ ట్రైనింగ్ మధ్యలో ఆగిపోవడానికి పక్కింటి కాలింగ్ బెల్లు ఒక కారణమైతే, ఊరి నుంచి వచ్చిన అత్తమ్మ ఇంకో కారణం. “బిడ్డ అంతగనం ఏడుస్తాంటే గమ్మునెట్ల కూసుంటారే?” అని ఆమె లేచి వెళ్లి ఎత్తుకుంటుంది. ఆమెది మూర్ఖత్వం అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. గడువు పద్ధతికి ప్రాణం ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం. ఒకరు ఎత్తుకుని ఒకరు వదిలేస్తే బిడ్డ నేర్చుకునేది ఇంకాస్త ఎక్కువసేపు ఏడవడమే. అత్తమ్మ ఒప్పుకోని ఇంట్లో ఆ పద్ధతి మొదలు పెట్టకపోవడమే మంచిది. ఆమె చేతులు ఉన్నంతకాలం ఆ అవసరమూ అంతగా ఉండదు.

ఆ చేతులకు వీసా గడువు ఉన్నచోట కథ మారుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాన్పు అయితే మొదట అమ్మ, ఆమె తిరిగి వెళ్లే నాటికి అత్తమ్మ. సందర్శక వీసా మీద వచ్చినవాళ్లను సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి, తెలుగు ఇళ్లలో ఇద్దరు అవ్వల వంతులతో ఏడాది గడిపే ఏర్పాటు మామూలైపోయింది. అమెరికాలో 1993 నాటి కుటుంబ సెలవు చట్టం ఇచ్చేది 12 వారాలే, అదీ జీతం లేకుండా. అవ్వ విమానం ఎక్కిన వారమే బిడ్డను వేరే గదికి మార్చి ట్రైనింగ్ మొదలు పెట్టే ఇళ్లు ఎన్నో. అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉండదు. నిన్నటిదాకా ఊపిన చేతులు మాయమై, గదీ మారి, అదే రాత్రి ఊపే అలవాటు కూడా పోవాలంటే ఏ బిడ్డయినా గగ్గోలు పెడుతుంది. చేయదలిస్తే అవ్వ ఉన్నప్పుడే, ఆమె సాయంతోనే, ఆమె వెళ్లడానికి నెల ముందు చేయాలి.

‘ఎప్పుడు’ అన్న దానికి వయసు రూపంలో దొరికే జవాబు కొంత స్పష్టంగానే ఉంది. తొలి మూడు నెలల్లో వద్దు. పగలు రాత్రి తేడాను బిడ్డ శరీరం పట్టుకోవడమే రెండు మూడు నెలల నాటికి మొదలవుతుంది. పుట్టిన ఆరు వారాల ప్రాంతంలో ఏడుపు పతాకస్థాయికి చేరుతుందని 1962లోనే బెర్రీ బ్రేజల్టన్ రాశారు. ఆ వయసులో రోజుకు మూడు గంటల ఏడుపు వింత కాదు, అది అలవాటు వల్ల వచ్చింది కాదు, దాన్ని మాన్పించే శిక్షణ లేదు. ఆరు నెలల లోపు ఈ పద్ధతులు వాడినందువల్ల మేలు జరిగినట్టు ఆధారం లేదని పమెలా డగ్లస్, పీటర్ హిల్ 2013లో చేసిన సమీక్షలో తేల్చారు. ఆరు నెలలు నిండాక చేయవచ్చు. ఎనిమిది తొమ్మిది నెలలకు తల్లి కనబడకపోతే బెంగపడే దశ వస్తుంది, అప్పుడు కొత్తగా మొదలుపెడితే కష్టం ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును కాన్పు జరగాల్సి ఉన్న తేదీ నుంచి లెక్కించాలి.

కానీ అనంతపురంలో వయసు కన్నా ముందు చూడాల్సింది బరువు. ఆరు నెలలు దాటాక రాత్రి పాలు మాన్పించవచ్చు అనే పాశ్చాత్య సలహా నిండుగా బరువు పెరిగిన బిడ్డను మనసులో పెట్టుకుని ఇచ్చింది. మన దేశంలో ఇంచుమించు ఆరుగురిలో ఒక బిడ్డ రెండున్నర కిలోల లోపే పుడుతోంది. అలాంటి బిడ్డ రాత్రి రెండుసార్లు పాలకు లేస్తే అది ఆకలే, చెడ్డ అలవాటు కాదు. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గరున్న బరువు చార్టు ఈ విషయంలో ఏ స్లీప్ కన్సల్టెంటు కన్నా నమ్మదగింది. ఇంకోటి రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తం తక్కువ. ఇనుము లోపించిన పసివాళ్ల నిద్ర తీరు వేరుగా ఉంటుందని చిలీలో జరిగిన పరిశోధనలు చూపాయి. ఏడెనిమిది నెలల బిడ్డ రాత్రంతా పొర్లుతూ ఉంటే ముందు అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో చూపించి ఇనుము చుక్కలు కావాలేమో కనుక్కోవాలి. చెవిపోటు, ముక్కుదిబ్బడ, అజీర్తి కూడా అంతే. వసకొమ్ము, తేనె మాత్రం ఈ వైద్యంలోకి రాకూడదు. ఏడాది లోపు తేనె ప్రమాదం.

ఇవన్నీ సరిచూసుకున్నాక, ఒకటే గది ఉన్న ఇంట్లో కూడా చేయదగ్గది పడకవేళ సర్దే పద్ధతి. బిడ్డ ఎలాగూ రాత్రి పదింటికి గానీ పడుకోకపోతే, ఎనిమిదింటి నుంచి రెండు గంటలు ఊపి చేతులు నొప్పి తెచ్చుకోవడం దేనికి? తొమ్మిదిన్నరకు స్నానమో ఒళ్లు తుడవడమో, పాలు, దీపం తగ్గించడం, ఒక పాట, పక్క. రోజూ అదే వరస. ఉయ్యాల అలవాటున్న బిడ్డకైతే ఊపును ఒక్కసారిగా ఆపకుండా, వారం తిరిగేలోగా కొంచెం కొంచెం తగ్గించి, కళ్లు వాలే వేళకు ఉయ్యాల నిలిచేట్టు చూడవచ్చు. తర్వాత ఒంటి మీద చెయ్యి. రెండు వారాల్లో మార్పు లేకపోతే మానేసి నెల తర్వాత మళ్లీ చూసినా నష్టం లేదు. జ్వరం, ప్రయాణం, ఇంట్లో పెళ్లి, జాతర, ఇవేవైనా అడ్డొస్తే వాయిదా. అసలు చేయకపోయినా బిడ్డకు వచ్చే లోటు ఏదీ ఇప్పటిదాకా బయటపడలేదు.

చేయక తప్పని ఇల్లు ఒకటుంది. భారతదేశంలో కాన్పు తర్వాత కుంగుబాటుకు లోనయ్యే తల్లులు దాదాపు 22 శాతమని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. నెలల తరబడి నిద్ర లేక, కారణం లేకుండా కన్నీళ్లు వస్తూ, బిడ్డ ఏడుపు వింటే కోపం పొంగే తల్లికి ‘ఓర్చుకోమ్మా, మేమంతా పెంచలేదా’ అన్న మాట విషం లాంటిది. ఆ కోపంలో బిడ్డను పట్టుకుని ఊపేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. బిడ్డను భద్రంగా పడుకోబెట్టి పది నిమిషాలు వాకిట్లోకి వెళ్లి నిలబడటం అప్పుడు మంచి తల్లి చేసే పని. మెల్బోర్న్ అధ్యయనంలో కనిపించిన ఒకే ఒక్క బలమైన ఫలితం ఇలాంటి తల్లులకు సంబంధించిందే. టెలి మానస్ సహాయ నంబరు 14416కు రాత్రి ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు, తెలుగులో కూడా.

ఈ సాహిత్యం మొత్తంలో తక్కువగా కనిపించే మనిషి తండ్రి. అధ్యయనాలు కొలిచింది ఎక్కువగా తల్లుల మనసును, తల్లుల నిద్రను, తల్లులు రాసిన డైరీలను. రాత్రి రెండింటికి బిడ్డను ఎత్తుకుని నడిచేది తండ్రి అయితే, పాల వాసన లేని భుజం మీద బిడ్డ పాల కోసం అంతగా పట్టుపట్టదని అనుభవమున్న నర్సులు చెబుతుంటారు. రాత్రి పాలు తగ్గించదలిచిన ఇంట్లో ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే తండ్రికైనా, బెంగళూరులో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే తండ్రికైనా వారంలో కొన్ని రాత్రులు తన వంతుగా రాసిపెట్టుకోవడం సాధ్యమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తండ్రికి అది కంపెనీ దయ.